సముద్రం పక్కన తొంభై తొమ్మిది

ఆ శనివారం నాకు వెళ్ళాలని లేదు. ఆ మాట ముందే చెప్పేస్తే నాకూ సుఖం, చదివేవాళ్ళకీ సుఖం. తెల్లారకముందే లేచి, క్యాన్‌బెర్రాలో మా గంగాలిన్ నుంచి రెండున్నర గంటలు కారు నడిపి, కొండ దిగి, సముద్రం ఒడ్డున ఎదురుగాలికి కొట్టుకుంటూ నాలుగున్నర గంటలు నడిచి, మళ్ళీ కొండెక్కి ఇంటికి చేరడం. దీనికి ఆట అని పేరు పెట్టినవాడికో దణ్ణం.

వారమంతా ఆఫీసులో పీల్చి పిప్పి చేశారు. నా కాంట్రాక్టు జూన్ ఆఖరుకి అయిపోతుంది. పొడిగిస్తారా లేదా అని అడిగితే మా డైరెక్టరమ్మ 'వర్కింగ్ ఆన్ ఇట్' అని మూడు వారాల్నుంచీ అదే పాట. ఆర్నెల్లకోసారి ఇదే తంతు, పదకొండేళ్ళుగా. యాభై రెండేళ్ళొచ్చాయి, ఈపాటికి అలవాటైపోవాలి. కాలేదు. శుక్రవారం సాయంత్రం లైట్ రైల్ దిగి ఇంటికి నడుస్తుంటే కుడి మోకాలు లోపల ఎవరో గిల్లుతున్నట్టుంది. ఇంట్లోకి రాగానే బూట్లయినా విప్పకుండా సోఫాలో కూలబడ్డాను.

"రేపు రాలేనని చెప్పేయొచ్చుగా" అంది మా ఆవిడ.

"ఆయనకెలా చెప్తానే?"

"నోటితో" అంది.

ఆవిడకేం, సులువుగా అనేస్తుంది. నాకు ఆ నోరే ఉంటే జీవితంలో సగం బాధలు ఉండేవి కావు.

ఆయన మాకు చుట్టం కాదు. క్యాన్‌బెర్రాలో మనవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టగలిగిన రోజుల్లో వచ్చి, రోడ్లు వేసే ఇంజనీరుగా చేసి రిటైరైన పెద్దమనిషి. డెబ్భై నాలుగేళ్ళు. అందరికీ అంకుల్, నాకూ అంకులే. ఆఫీసులో పెద్దవాళ్ళకి దగ్గరవ్వాలంటే గోల్ఫ్ రావాలని ఎవడో చెప్తే నమ్మి, పదేళ్ళ కిందట ఎవరో వాడేసిన కర్రలు కొనుక్కుని నేను మైదానానికి వెళ్ళినప్పుడు, వాటిని ఎలా పట్టుకోవాలో నేర్పింది ఈయనే. ఆఫీసులో పెద్దవాళ్ళెవరూ ఇప్పటిదాకా నాతో ఆడిన పాపాన పోలేదు. అంకుల్ మాత్రం నాకు మిగిలారు.

ఈ ఆట తెలియనివాళ్ళకి ఒక్క ముక్కలో చెప్తాను. పద్దెనిమిది గుంతలు. ఒక్కో గుంతలో బంతి వెయ్యడానికి ఎన్ని దెబ్బలు పడితే అన్నీ లెక్కే. మొత్తం ఎంత తక్కువైతే అంత మొనగాడు. మాలాంటి వాళ్ళకి వందలోపు వస్తే అదే పండగ. అంకుల్ మిగతాచోట్ల ఆ పండగ చాలాసార్లు చేసుకున్నారు. ఈ సముద్రం పక్కన మాత్రం ఒక్కసారీ కుదరలేదు. పదకొండేళ్ళుగా ఏడాదికోసారి వస్తున్నారు. ఒకసారి నూటొకటి, రెండుసార్లు నూటమూడు. మిగతావి అడిగితే వినపడనట్టు ఉంటారు.

"ఇక్కడ ఒక్కసారి రెండంకెల్లోకి రావాలయ్యా" అనేవారు నాతో. "మిగతాచోట్ల చెట్టు అడ్డమొచ్చింది, చెరువు అడ్డమొచ్చింది అని దేన్నో ఒకదాన్ని తిట్టుకోవచ్చు. ఇక్కడ ఏముంది? నువ్వూ, నేలా, గాలీ. ఇక్కడొచ్చిందే మనిషి అసలు స్కోరు."

ఇదే ఆఖరిసారి. అది కూడా చెప్పాలి. ఆయనకి రెండు కళ్ళలోనూ మధ్యలో మచ్చ పడింది. నెలకో ఇంజక్షన్ కంట్లో పొడిపించుకుంటున్నారు, అయినా మచ్చ పెరుగుతూనే ఉంది. కారు నడిపే లైసెన్సు రద్దయిపోయింది. ఇల్లు అమ్మేశారు. ఆంటీ అప్పటికే బ్రిస్బేన్‌లో, స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో కూతురి దగ్గరికి వెళ్ళి వంటిల్లు సర్దుతున్నారు. తర్వాతి శనివారం సామాన్ల లారీ వస్తుంది. గోల్ఫ్ కర్రలు తీసుకెళ్తున్నారా అని అడిగితే "అక్కడ పెట్టుకోడానికి చోటు లేదులే" అన్నారు. ఆ కూతురి ఇంటి గరాజు నేను చూశాను. అందులో ఇంకో సంసారం పెట్టొచ్చు.

అదీ సంగతి. అలాంటి మనిషికి మోకాలు నొప్పిగా ఉంది రాలేనని నేనెలా చెప్పను?

ఆరున్నరకి ఆయన గేటు ముందు నిలబడి ఉన్నారు, టోపీ పెట్టుకుని, తెల్ల సాక్సు మోకాళ్ళ దాకా లాక్కుని. పెళ్ళికి బయల్దేరిన మనిషిలా ఉన్నారు. కారెక్కగానే మా ఆవిడ కట్టిచ్చిన ఉప్మా డబ్బా ఒళ్ళో పెట్టుకుని, "వాతావరణం చూశావా? మధ్యాహ్నానికి దక్షిణం గాలి లేస్తుందట" అన్నారు సంతోషంగా. గాలి లేస్తుందంటే సంతోషపడే మనిషిని ఈయన్నే చూశాను. నేను ఆవలించి తల ఊపాను.

ఆ మైదానానికి నూరేళ్ళు దాటాయి. గొర్రెలు మేసే ఇసుక దిబ్బల్ని గుర్రాలతో కొద్దిగా సర్ది, మిగతాదంతా దేవుడికి వదిలేశారు. సముద్రానికీ పొలాలకీ మధ్య ఉండే అలాంటి దిబ్బల నేలనే లింక్స్ అంటారు. నేల గట్టిగా, ఎత్తుపల్లాలుగా ఉంటుంది. బంతి మనం అనుకున్నచోట పడుతుంది, కానీ అక్కడ ఆగదు. ఎక్కడో గొయ్యి చూసుకుని అందులోకి పోయి కూర్చుంటుంది. కంగారూలు గడ్డి మీద పక్కకి ఒరిగి పడుకుని, బంతి పక్కనుంచి పోయినా చెవి కదపవు. క్లబ్బు ఇల్లు పాత చెక్కతో కట్టింది. లోపల గోడ మీద బంగారు రంగు అక్షరాల్లో పేర్లు. కొన్ని పేర్ల పక్కన చిన్న శిలువ గుర్తు, యుద్ధానికి వెళ్ళి తిరిగిరానివాళ్ళట. ఆ గోడ ముందు అంకుల్ ప్రతిసారీ టోపీ తీసి ఒక నిమిషం నిలబడతారు. ఆ రోజూ నిలబడ్డారు. అక్షరాలు కనపడుతున్నాయా అని నేనడగలేదు.

మొదటి గుంత దగ్గర ఆయన తన స్కోరు కార్డు తీసి నా చేతికిచ్చారు. నాది తీసుకుని తన జేబులో పెట్టుకున్నారు. ఆటలో ఆచారం అది. ఎవరి కార్డు వాళ్ళు రాసుకోకూడదు. ఆయనది నేను రాయాలి, నాది ఆయన. ఆఖర్న ఇద్దరూ సంతకాలు పెట్టాలి. మనవాళ్ళలో చాలామందికి ఇది పెద్ద తలనొప్పి.

ఎందుకో చెప్తాను. క్యాన్‌బెర్రాలో మన తెలుగువాళ్ళ గోల్ఫ్ గుంపు ఒకటుంది. నెలకోసారి ఇరవై మంది దాకా వస్తారు. అందరూ మంచివాళ్ళే. కానీ పెళ్ళిపందిట్లో వడ్డించినట్టు ఆడతారు. బంతి గుంతకి ఆరడుగుల దూరంలో ఉన్నా సరే, "ఫర్వాలేదు బావగారూ, పడిపోయినట్టే, తీసేయండి" అంటారు. ఎదుటివాడు "అబ్బే, వద్దండీ" అంటాడు. "మీరు మరీనూ" అని వీడు కాలితో బంతిని వెనక్కి తోసేస్తాడు. "ఏడు దెబ్బలు పడ్డట్టున్నాయండీ" అంటే "ఆరు వేసుకోండి, ఏం పోయింది" అంటారు. ఒకడి కార్డులో ఉన్నదున్నట్టు రాస్తే వాడి ఇంట్లో భోజనం చేసి బాలేదన్నంత తప్పు. ఈ గొడవ పడలేకే అంకుల్ ఆ గుంపు మానేశారు. "ఇది ప్రేమ కాదయ్యా, ఎదుటివాడు ఆడలేడని మనం తేల్చెయ్యడం" అన్నారు నాతో ఓసారి. నేను అవునవునన్నాను. నా తలకి అలవాటైపోయింది, ఎవరేమన్నా ఊగుతుంది.

ఆ రోజు ఆయనకి కళ్ళు నేనే. ఆయన కొడతారు, బంతి ఎటు పోయిందో ఆయనకి తెలీదు. "ఎక్కడ?" అంటారు. "ఎడం పక్క, గట్టు దిగువన" అంటాను. ఇద్దరం అటు నడుస్తాం. దగ్గరికెళ్ళాక తల కాస్త పక్కకి తిప్పి, కంటి అంచుతో బంతిని పట్టుకుంటారు. కొట్టేటప్పుడు చూపుతో పనిలేదంటారు. నిజమే. చేతులు ముప్ఫై ఏళ్ళుగా చేసిన పని అవి చేసుకుపోతున్నాయి. తొమ్మిది గుంతలయ్యేసరికి నలభై తొమ్మిది. ఇలాగే పోతే వందలోపే. ఆయనకి చెప్పలేదు. ఆఖరి గుంత దాకా మొత్తం చెప్పొద్దని ముందే ఒట్టు వేయించుకున్నారు.

నా స్కోరు మాత్రం అడక్కండి. నేను అప్పటికి మూడు బంతులు సముద్రానికి సమర్పించుకున్నాను.

బెంచీ మీద కూర్చుని చల్లారిన ఉప్మా తిన్నాం. గాలికి డబ్బా మూత ఎగిరిపోతే నేను దాని వెనక పరిగెత్తాను. తిరిగొచ్చి కూర్చున్నాక మళ్ళీ లేవబుద్ధి కాలేదు. కాళ్ళు పీకుతున్నాయి, నడుము పట్టేసింది, సోమవారం పొద్దున డైరెక్టరమ్మతో మీటింగు గుర్తొస్తోంది. ఇక్కడే, ఈ బెంచీ మీదే పడి నిద్రపోతే ఎవరికేం నష్టం అనిపించింది. అంకుల్ అప్పటికే లేచి కర్రల సంచి ట్రాలీ పట్టుకున్నారు.

"పదవయ్యా" అన్నారు. వెళ్ళక ఏం చేస్తాను.

పదమూడో గుంతకి వెళ్ళే దారి సముద్రం అంచునే పోతుంది. ఆ టైముకి దక్షిణం గాలి చెప్పినట్టే లేచింది. మామూలుగా కాదు, నిలబడితే తోసేస్తోంది. ముక్కు నుంచి నీళ్ళు, చెవుల్లో హోరు. అంకుల్ మొదటి దెబ్బ బాగానే కొట్టారు. రెండోది గాలికి ఎడంపక్కకి పోయి మోకాలెత్తు గడ్డిలో దూరింది. వెతికి నేనే పట్టుకున్నాను. ఆ గడ్డి చూస్తేనే నాకు నీరసమొచ్చింది.

మూడో దెబ్బ. కర్రకి గడ్డి చుట్టుకుంది, బంతి జానెడు కదిలింది. నాలుగోది. గజం కదిలింది, ఇంకా గడ్డిలోనే. ఐదోది బయటపడింది. ఆరోది గుంత చుట్టూ నున్నగా కత్తిరించిన గడ్డి మీదికి చేరింది, దాన్ని గ్రీన్ అంటారు. అక్కణ్ణుంచి దొర్లించి కొట్టేవి రెండు. మొత్తం ఎనిమిది. నా కళ్ళతో చూశాను, వేళ్ళ మీద లెక్కపెట్టాను, ఇందులో సందేహం ఏమీ లేదు.

ఆయన బంతి గుంతలోంచి తీసుకుని, గాలికి టోపీ పట్టుకుని, నా దగ్గరికొచ్చారు. మనిషి వడిలిపోయారు. రొప్పుతున్నారు.

"గడ్డిలో రెండేనా, మూడా?" అన్నారు.

అబద్ధమాడమని అడగడం లేదాయన. నిజంగానే తెలీక అడిగారు. ఆ గాలిలో, ఆ గడ్డిలో, బంతి కదిలిందో లేదో ఆయనకి కనపడలేదు. నన్నడిగారు, ఎందుకంటే పొద్దున్నించీ నేను చెప్పిందే ఆయన చూపు.

"రెండే అంకుల్" అన్నాను.

"అయితే ఏడు."

"ఏడే."

కార్డులో ఏడు రాశాను. గాలికి కార్డు రెపరెపలాడుతుంటే మోకాలి మీద పెట్టి నొక్కి మరీ రాశాను.

ఎందుకన్నావురా అంటే, జాలి అని చెప్పుకున్నాను కొన్నాళ్ళు. ఆయన మొహం చూసి మనసొప్పలేదని. అదీ కొంత నిజం. మొహమాటం, అది ఇంకా పెద్ద నిజం. పెద్దాయన అడిగితే ఆయనకి ఇష్టమైన మాట చెప్పడం నా ఒంట్లో ఉంది, పుట్టినప్పట్నుంచీ. కానీ వీటికంటే ముందు ఇంకోటుంది. అలిసిపోయాను. మూడు అని చెబితే ఆయన నిట్టూరుస్తారు, నేను ఓదార్చాలి, గాలిలో ఇంకో రెండు నిమిషాలు నిలబడాలి. రెండు అంటే పదండి అని నడవొచ్చు. సిగ్గులేకుండా చెప్తున్నాను, నాకు నడవాలనిపించింది.

ఆ తర్వాత ఆయన ఆడారు చూడండి! అబ్బబ్బా. పద్నాలుగు, పదిహేను, పదహారు, పదిహేడు. బంతి నేలకి అంటుకుని, గాలి కింద నుంచి దూసుకుపోయింది. మనిషిలో పదేళ్ళు తగ్గాయి. ఒకచోట బంతి గట్టుకి తగిలి తిరిగొచ్చి గుంత పక్కన ఆగితే, "ఎక్కడ?" అన్నారు. "గుంతకి మూరెడు దూరంలో" అన్నాను. "నన్ను ఆటపట్టించకు" అన్నారు. నిజమేనని తెలిసి నవ్వారు. నేనూ నవ్వాను. చూశావా, నీ ఏడు ఎంత మేలు చేసిందో అని నన్ను నేనే భుజం తట్టుకున్నాను. వెధవ పని చేసి భుజం తట్టుకోవడం నాకు కొత్త కాదు.

పద్దెనిమిదోదాని దగ్గర ఆయన ఆగి, కర్ర నేలకి ఆనించి, నా వైపు కాకుండా సముద్రం వైపు చూస్తూ అడిగారు.

"ఇప్పుడు చెప్పు. ఎంత కావాలి?"

మూడుసార్లు లెక్క కూడి చూశాను. కార్డు మీద తొంభై నాలుగు. అసలు లెక్క తొంభై ఐదు. రెండంకెల్లో రావాలంటే కార్డు ప్రకారం ఐదు కొట్టాలి. నిజం ప్రకారం నాలుగే కొట్టాలి. ఆ గుంతలో నాలుగు అంటే మాలాంటి వాళ్ళకి కష్టం, కానీ ఆయన ఆ గంటలో ఆడుతున్న ఆటకి అసాధ్యం కాదు. అప్పుడు చెప్పొచ్చు. అంకుల్, ఇందాక గడ్డిలో మూడు, నేను పొరపాటున అన్నాను, నాలుగు కావాలి. ఎంతసేపు పడుతుంది ఆ మాట అనడానికి? కానీ ఇప్పుడు చెబితే అప్పుడెందుకు చెప్పలేదంటారు. అది మొహమాటంలో ఉండే గొప్ప సుగుణం, ఒకసారి దిగాక పైకి రానివ్వదు.

"ఐదు చాలు అంకుల్. ఐదు కొడితే తొంభై తొమ్మిది."

ఆయన చేతులు ప్యాంటుకి తుడుచుకున్నారు. ఒకటి, రెండు, మూడు. మూడో దెబ్బకి బంతి గ్రీన్ ఎక్కి, గాలికి కాస్త దొర్లి, గుంతకి ఎనిమిదడుగుల దూరంలో ఆగింది. నేను గుంతలో గుర్తుకి నిలబెట్టే జెండా కర్ర తీసి పట్టుకుని దాని పక్కన నిలబడ్డాను. ఆయనకి గుంత కనపడదు, నా బూట్లు కనపడతాయి, అవే గురి.

"ఇంకా రెండున్నాయిగా?" అన్నారు.

"రెండున్నాయి."

"అయితే నెమ్మదిగా తోస్తాను. దాటిపోయిందంటే ఈ వాలులో ఎక్కడికి పోతుందో."

ఒకటే ఉంది అంకుల్, అని నా లోపల ఎవరో అరుస్తున్నారు. బయటికి మాత్రం "ఆఁ, నెమ్మదిగా" అన్నాను. వినండి, నా నోటితోనే అన్నాను.

ఆయన నెమ్మదిగా తోశారు. బంతి నేరుగా వచ్చింది. ఎటూ ఒంకర పోలేదు. నా బూట్ల మధ్యలోకి, గుంత నోటికి ఎదురుగా వచ్చి, జానెడు దూరంలో ఊపిరి అయిపోయినట్టు ఆగింది. "ఎక్కడ?" అన్నారు. "దగ్గర్లోనే, జానెడు" అన్నాను. వచ్చి, వంగి, వెతుక్కుని, తోసేశారు. టక్కున పడింది లోపల.

ఆయన నన్ను కౌగిలించుకున్నారు. పదేళ్ళలో మొదటిసారి. చెంప తడిగా ఉంది, గాలికో ఏమో. "తొంభై తొమ్మిది! ఏమయ్యా, తొంభై తొమ్మిదేనా?" అన్నారు. "తొంభై తొమ్మిదే" అన్నాను. అక్కడే నిలబడి ఫోను తీసి ఆంటీకి చేశారు. బ్రిస్బేన్‌లో ఆవిడ గట్టిగా నవ్వడం నాకు వినపడింది. "సాయంత్రం ఫోను చెయ్యి, వీడియోలో చూస్తాను నీ మొహం" అన్నారు ఆవిడ. ఈయన చిన్నపిల్లాడిలా "సరే సరే" అంటున్నారు. నేను ట్రాలీలు రెండూ లాక్కుంటూ ముందు నడిచాను. ఒంట్లో సత్తువ అంతా ఎవరో తోడేసినట్టుంది.

క్లబ్బులో కిటికీ పక్కన కూర్చున్నాం. వేడివేడి చిప్స్, రెండు కాఫీలు. కార్డు ఆయన ముందు పెట్టాను సంతకానికి. ఆయన పెన్సిలు తీసుకోలేదు.

"ఆగు. ఒకసారి మళ్ళీ ఆడనీ" అన్నారు.

అది ఆయన అలవాటు. సంతకానికి ముందు కళ్ళు మూసుకుని, పద్దెనిమిది గుంతలూ మళ్ళీ ఆడతారు, దెబ్బ దెబ్బకీ వేలు మడుస్తూ. ఇదివరకు మామూలుగానే చూసేవాణ్ణి. ఆ రోజు ఆ మొదటి వేలు మడవగానే నేను కాఫీ కప్పు కింద పెట్టేశాను. ఒకటో గుంత, రెండో గుంత. నేను నంబరు చదువుతున్నాను, ఆయన తలూపుతున్నారు. ఏడు, ఎనిమిది. పన్నెండు. లేచి బాత్‌రూమ్‌కి పోదామనుకున్నాను. లేవలేదు.

"పదమూడు" అన్నాను. "ఏడు."

ఆయన వేళ్ళు మడుస్తున్నారు. మొదటిది. రెండోది, గాలికి పోయింది. "గడ్డిలో ఒకటి, మణికట్టు మెలితిరిగింది. ఇంకోటి, కాస్త లోతుగా తవ్వాను, మట్టి మొహాన పడింది. ఇంకోటి..." ఆగారు. ఆ వేలు సగం మడిచి అలాగే ఉంచారు. కళ్ళు పోతున్నాయి గానీ ఆ చేతులు ఏదీ మర్చిపోలేదు.

కళ్ళు తెరిచి, తల కాస్త పక్కకి తిప్పారు. మొహం చూడాలంటే ఆయన పక్కకే చూడాలి.

"గడ్డిలో మూడు కదయ్యా?"

ఇక తప్పించుకోడానికి చోటు లేదు. "మూడే అంకుల్."

"నీకు అప్పుడే తెలుసా?"

"తెలుసు."

కోప్పడతారనుకున్నాను. తిడితే బాగుండును, నాలుగు దులిపేస్తే నాకూ కాస్త తేలికయ్యేది. ఆయన పెన్సిలు అడిగి తీసుకున్నారు. కార్డుని ముక్కు దాకా తెచ్చుకుని, ఏడు కొట్టేసి, పక్కన ఎనిమిది వేశారు. "గడిలోనే రాశానా?" అని అడిగారు. రాశారన్నాను. కింద తొంభై తొమ్మిది కొట్టేసి వంద వేశారు. సంతకం పెట్టారు. పెన్సిలు నాకిచ్చారు. నేనూ పెట్టాను.

"తప్పయిపోయింది అంకుల్" అన్నాను. "మీరు అలిసిపోయి ఉన్నారని..." అలిసిపోయింది ఎవరో మా ఇద్దరికీ తెలుసు.

"తినవయ్యా, చల్లారిపోతాయి" అన్నారు చిప్స్ నా వైపు జరిపి.

తర్వాత ఫోను తీసి మళ్ళీ ఆంటీకి చేశారు. "ఇదిగో, నేనే. లెక్కలో చిన్న తేడా వచ్చింది. కాదులే, వంద." అవతల ఆవిడ ఏదో అన్నారు. "ఆఁ, వందే. అబ్బాయి తప్పేం లేదు, నేనే చూసుకోలేదు" అన్నారు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. బయట ఎవరో నలుగురు కుర్రాళ్ళు మొదటి గుంత దగ్గర నవ్వుకుంటూ టోపీలు బిగించుకుంటున్నారు.

తిరుగు ప్రయాణంలో ఆయన కళ్ళు మూసుకుని కూర్చున్నారు. నిద్రపోతున్నారేమో అనుకున్నాను. కొండ ఎక్కుతుంటే చెవులు దిబ్బెళ్ళేశాయి, ఒక్కో మలుపు తిప్పుతుంటే నా భుజాలు లాగుతున్నాయి. ముందు ఒక లారీ నత్తలా పోతోంది. దాన్ని దాటే ఓపిక కూడా లేదు నాకు, దాని వెనకే వెళ్ళాను. క్షమాపణ ఇంకోసారి చెబుదామని రెండుసార్లు నోరు తెరిచాను. ఎందుకూ, ఆయనకేం ఒరుగుతుంది, నా బరువు దించుకోవడం తప్ప?

కొండ పైకి వచ్చాక అడిగారు, కళ్ళు తెరవకుండానే.

"ఆఖరి దాంట్లో, ఎనిమిదడుగుల నుంచి తోశాను చూడు. అది జానెడు ముందు ఆగిందన్నావు."

"అవును అంకుల్."

"లైను మీదే ఆగిందా? పక్కకి పోయిందా?"

అప్పుడు అర్థమైంది నాకు. ఈ గంటన్నరా ఆయన దేని గురించి ఆలోచిస్తున్నారో. పక్కకి పోయిందనొచ్చు. రెండంగుళాలు ఎడమకి పోయింది, గట్టిగా కొట్టినా పడేది కాదు అంకుల్, అనొచ్చు. ఆయన చూడలేదు. నేను తప్ప ఇంకెవరూ చూడలేదు. ఆ మాటంటే ఆ మనిషి స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో హాయిగా నిద్రపోతారు. నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"లైను మీదే" అన్నాను. "గుంతకి నేరుగా."

లారీ ఎడంపక్కకి జరిగి దారిచ్చింది. నేను దాటలేదు.

"ఒక్కటే మిగిలిందని తెలిస్తే గట్టిగా కొట్టేవాణ్ణి కదయ్యా" అన్నారు.